చావింటి కాపలా

ఆ వేసవిలో మా వైపు దొంగ ఎవడో చావు కబుర్లు చదవడం మొదలుపెట్టాడు.

మా ఊరి వారపత్రికలో మూడో పేజీ అంతా అవే ఉంటాయి. ఎవరు పోయారు, ఎవరి కూతురు, ఎవరి మొగుడు, ఏ చర్చిలో ఏ రోజు ఎన్నింటికి ప్రార్థన. దూరాన ఉన్న చుట్టాలు తెలుసుకుని రావాలని వేసేవాళ్ళు. ఆ గంటకి ఆ ఇంట్లో పిల్లి కూడా ఉండదని దొంగకి చెప్పడానికి వేసినట్టయింది.

వెనకటి రోజుల్లో దీనికి విరుగుడు ఉండేది. ఇంటిల్లిపాదీ చర్చికి వెళ్ళినప్పుడు చావింట్లో బయటి మనిషి ఒకరు కూర్చునేవారు. చుట్టం కాకూడదు. చుట్టమైతే చర్చిలో ఉండాలి కదా. సాధారణంగా ఎవరో ఒక పెద్దావిడ, చేతిలో అల్లికతో వచ్చి కూర్చునేది. జనం తెచ్చిచ్చే బంగాళాదుంపల ట్రేలూ, కాల్చిన పంది తొడా, ఆపిల్ పైలూ అందుకుని, ప్రతి గిన్నె అడుగునా ఎవరిదో పేరు అంటించి ఫ్రిజ్‌లో సర్దేది. ఒహాయో నది పక్కనున్న ఈ కొండల్లో మనిషి పోయిన దుఃఖమైనా చల్లారుతుంది గానీ, గిన్నె పోయిన దుఃఖం చల్లారదు. ఆ పెద్దావిడలు ఒక్కొక్కరే పోయాక అలవాటు కూడా సడలిపోయింది.

జూన్‌లో మా పక్క పొలం హెస్టర్ గిబ్స్ భర్త పోయాడు. మట్టి చేసి ఇంటికొచ్చేసరికి కొట్టంలో ఉన్న చెట్లు కోసే రంపం లేదు. బాత్రూమ్ అద్దం వెనక ఆయన మిగిల్చిపోయిన నొప్పి మాత్రలు లేవు. తలుపు విరగ్గొట్టలేదు, ఎందుకంటే మా వైపు ఎవరూ తాళం వెయ్యరు. హెస్టర్ కుక్కని మాత్రం వెనక షెడ్డులో పెట్టి, దానికి గిన్నెతో నీళ్ళు పెట్టి మరీ వెళ్ళాడు దొంగ. ఆ రోజంతా వాన. అయినా వంటింటి నేల మీద బురద అడుగు ఒక్కటి లేదు.

"మర్యాదస్థుడే వచ్చాడు పాపం" అని ఊరంతా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. వానలో ఒకరి గడప ముందు బూట్లు విప్పి లోపలికి వెళ్ళేవాళ్ళు ఈ కౌంటీ మొత్తంలో ఇద్దరే ఉన్నారని నాకు తెలుసు. ఇద్దర్నీ మా అమ్మ ఇమోజీనే పెంచింది. ఒకదాన్ని నేను. రెండోవాడు నా తమ్ముడు టెరిల్.

టెరిల్ కలప మిల్లులో పనిచేసేవాడు. రెండేళ్ళ కిందట దుంగ దొర్లి నడుం విరిగినంత పనైంది. డాక్టర్ మాత్రలిచ్చాడు. కొన్నాళ్ళకి ఇవ్వడం మానేశాడు. టెరిల్ మింగడం మానలేదు. ఎక్కణ్ణించి తెస్తున్నాడో ఎవరూ అడగలేదు, నాతో సహా. పెళ్ళాం వెళ్ళిపోయింది, వాడు మిల్లు దారిలో ఒక అద్దె ట్రైలర్ ఇంట్లో ఉండేవాడు. అంతలా పాడైనా నవ్వు మాత్రం చిన్నప్పటిదే. వాడు గదిలోకొస్తే ఇప్పటికీ అందరి మొహాలూ అటు తిరిగేవి.

జూలైలో చర్చి కింద హాల్లో మీటింగు పెట్టారు. అప్పటికి మూడు చావిళ్ళు దోచారు. షెరీఫ్ ఆఫీసు నుంచి ఒక కుర్ర డెప్యూటీ వచ్చాడు. తల గోక్కుంటూ అన్నాడు, "ఫోన్ చేస్తే వస్తాం. కానీ ఇంత కౌంటీకి మేం ఇద్దరమే ఉన్నామండీ."

"అంటే దొంగ కాఫీ తాగి, కప్పు కడిగి పెట్టి వెళ్ళాక వస్తారన్నమాట" అంది హెస్టర్.

"మీ ఇల్లు మీరే కాపాడుకోండి అని నేను అనకూడదు. అన్నట్టే అనుకోండి."

నేను ఆ మాటలు వినడం లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడంటారే, టెరిల్ తడుముకుంటాడేమో అని చూస్తున్నాను. వాడు కాఫీలో నాలుగు చెంచాలు చక్కెర వేసుకుని, హెస్టర్ మాటకి అందరికన్నా గట్టిగా నవ్వాడు.

ఆ మీటింగు తర్వాత నా భర్త డ్వైట్‌కి నిద్ర కరువైంది. అతను స్కూలు బస్సు నడుపుతాడు, పొద్దున్నా సాయంత్రం ఆవుల్ని చూసుకుంటాడు. మెత్తని మనిషి. చీమకి కూడా దారిచ్చి బస్సు నడిపే రకం. కానీ అమ్మ అప్పటికి మా ముందు గదిలో మంచం పట్టి ఉంది. గుండె నీరసించిపోయింది, ఇక ఆసుపత్రి వద్దన్నారు. నర్సు వచ్చి చూసి పోయేది. నొప్పికీ ఆయాసానికీ నాలుక కింద వేసే మార్ఫిన్ చుక్కల సీసా వంటింటి అలమారాలో ఉండేది. ఆ సీసా ఉందని ఊరంతటికీ తెలుసు. మా ఊళ్ళో దగ్గు మందు కొన్నా తెలుస్తుంది.

"ఈ దొంగ చావు దాకా ఆగుతాడని ఏముంది?" అన్నాడు డ్వైట్ ఒక ఆదివారం భోజనాల దగ్గర. "మంచి తుపాకీ ఒకటి కొనాలి."

టెరిల్ మొక్కజొన్న రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు. "మీ నాన్న తుపాకీ ఉందిగా బావా? ఏటా జింకని కొడతావుగా?"

"దాంతో ఒకసారి పేల్చాక బోల్టు వెనక్కి లాగి, ముందుకు తోసి, మళ్ళీ గురి చూసుకోవాలి. దొంగ అంతసేపు నిలబడతాడా?"

"జింకలు నిలబడుతున్నాయిగా ఇరవై ఏళ్ళ నుంచీ. నిన్ను చూసి జాలిపడతాయనుకుంటా."

"జింకలు తలుపు తీసుకుని వంటింట్లోకి రావురా" అన్నాడు డ్వైట్. అతను నవ్వలేదు. "లాగే పని లేకుండా, నొక్కినప్పుడల్లా పేలేది కావాలి. సెమీ ఆటోమేటిక్. అయిదొందల డాలర్లలో. నాకు వాటి గురించి తెలీదు. నువ్వు రావాలి."

ముందు గదిలోంచి అమ్మ గొంతు సన్నగా వినిపించింది. "ఇంట్లో ఉన్నవి చాలవా? తుపాకులు పిల్లుల్లాంటివి. ఒకటి తెస్తే పిల్లల్ని పెడతాయి."

టెరిల్ రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. నావైపు చూడలేదు. "వస్తాలే బావా" అన్నాడు.

మా ఊళ్ళో తుపాకులమ్మే మెర్ల్ దుకాణం అతని ఇంటి వెనకే ఉంటుంది. ముందు సగం చేపల ఎరలు, వెనక సగం తుపాకులు. టెరిల్ చిన్నప్పుడు బడి అయ్యాక ఇక్కడే పడుండేవాడు, పాత తుపాకులు విప్పి నూనె వేసి మళ్ళీ బిగిస్తూ. ఆ రోజు నన్ను కూడా రమ్మన్నాడు. "అక్క కూడా పట్టుకోగలిగింది కావాలి. బావ బస్సు మీద ఉన్నప్పుడు అమ్మ దగ్గర ఉండేది అక్కేగా."

మెర్ల్ ముందుగా ఒక నల్లటి తుపాకీ తీసి బల్ల మీద పెట్టాడు. పైనా కిందా ఏవేవో తగిలించి ఉన్నాయి. డ్వైట్ కళ్ళు మెరిశాయి.

"ఇది ఇంటికి కాదు, సినిమాకి" అన్నాడు టెరిల్. "ఆ తగిలించిన వాటికే నీ డబ్బు సగం పోతుంది. ఇంకోటి చూపించు మెర్ల్."

రెండోది చవక. టెరిల్ దాన్ని పుచ్చుకుని లోపల వేలు పెట్టి చూశాడు, రెండుసార్లు లాగి వదిలాడు, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. పుచ్చకాయ కొనే ముసలమ్మలాగే విన్నాడు. "వద్దు. ఇది వేసవిలో ఒకలాగ, చలికాలం ఒకలాగ ఉంటుంది. నా మీద కోపంగా ఉందా మెర్ల్, ఇది చూపించావు?"

మూడోది ఎవరో వాడుకుని అమ్మేసిన పాతది. పొట్టిది, చెక్క పిడి, చూడ్డానికి పేదగా ఉంది. దాన్ని నా భుజానికి ఆనించి, నా మోచెయ్యి సరిచేసి, వెనక్కి జరిగి చూశాడు. "బరువుందా అక్కా?"

"లేదు."

"ఇదే తీసుకోండి. పేలినప్పుడు భుజాన్ని తన్నదు. తూటాలు చవక. తూటాలు ఖరీదైతే నువ్వు సాధన చెయ్యవు బావా, అలమారాలో పెట్టుకుని అదే ధైర్యం అనుకుంటావు. ఇదిగో, ఈ సేఫ్టీ మీట చూడు, వేలికి తగులుతుంది. చీకట్లో కూడా తెలుస్తుంది."

"గోడల్లోంచి దూసుకుపోతుందా?" అడిగాడు డ్వైట్.

"ఏ గుండైనా పోతుంది. మీ ఇంటి గోడలు అట్టలు. అందుకే తుపాకీ కన్నా ముందు కుర్చీ ఎక్కడెయ్యాలో చూసుకోవాలి." టెరిల్ బల్ల మీద వేలితో మా ఇల్లు గీశాడు. "అమ్మ మంచం ఇక్కడ. నువ్వు ఇక్కడ, పొయ్యి పక్కన కూర్చో. వెనక తలుపుకి ఎదురుగా. తలుపవతల కొండే. గుండు తప్పినా కొండలోకి పోతుంది, అమ్మ వైపు పోదు."

వెనక తలుపు నుంచి మా ఇంట్లోకి వచ్చేవాడు ప్రపంచంలో వాడొక్కడే. మిగతా అందరూ ముందు నుంచి వస్తారు. నేను ఆ గీతనే చూస్తూ నిలబడ్డాను.

మెర్ల్ నవ్వుతూ, "దొంగవి నువ్వే అనుకో టెరిల్, ఇందులో దేన్ని చూసి పారిపోతావు?" అన్నాడు.

"దేన్ని చూసినా పారిపోతా. ఎవడైనా అంతే" అన్నాడు టెరిల్. "పట్టుకున్నవాడి చేతులు వణుకుతుంటే ఇంకా తొందరగా పారిపోతా."

ముగ్గురూ నవ్వారు. డ్వైట్ డబ్బిచ్చాడు.

మర్నాడు టెరిల్ మా పచ్చికలో, కొండ వైపు గడ్డి మోపులు పేర్చి, వాటి మీద టమాటా డబ్బాలు పెట్టి నేర్పించాడు. ఓపిగ్గా నేర్పించాడు. డ్వైట్ కళ్ళు మూసుకుని పేలుస్తుంటే, "బావా, దొంగని ప్రార్థన చేసి చంపుతావా?" అన్నాడు. సాయంత్రానికి డ్వైట్ అయిదు డబ్బాల్లో నాలుగు పడగొట్టాడు. బావామరుదులు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని నవ్వుతుంటే చూడ్డానికి ముచ్చటేసింది. దాహమేస్తోందంటే నీళ్ళ సీసా తేవడానికి టెరిల్ ట్రక్కు దగ్గరికి వెళ్ళాను.

సీటు వెనక పట్టా కింద రంపం ఉంది. పిడి మీద ఊదా రంగు మచ్చ.

మా దగ్గర ప్రతి ఇంటికీ ఒక రంగు ఉంటుంది. కోతలప్పుడూ కొట్టాలు కట్టేటప్పుడూ పనిముట్లు కలిసిపోతాయని అందరూ తమ వాటి మీద ఒక మచ్చ పెట్టుకుంటారు. మాది ఎరుపు. ఊదా రంగు గిబ్స్ వాళ్ళది. హెస్టర్ తన ఉయ్యాల బల్లకి వేసి మిగిల్చిన రంగు అది. మరి ఎవరూ అలాంటి రంగు వెయ్యరు, వెయ్యాలని ఎవరికీ బుద్ధి పుట్టదు.

నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాను. ఏం చెప్పాలో తెలియలేదు. చెప్తే తమ్ముణ్ణి నా చేత్తో పట్టిచ్చినట్టు. చెప్పకపోతే, ఏమీ తెలియని మొగుడు వాడికి ఎదురుగా తుపాకీ పట్టుకుని కూర్చుంటాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, నేను ఆ రెంటి మధ్యా నిలబడి చిక్కుళ్ళు తుంచుకుంటున్నాను. ఆ సాయంత్రం డ్వైట్ చేతులు కడుక్కుంటుంటే చెప్పేశాను.

అతను సబ్బు చేతులతో నావైపు తిరిగాడు. "నీకేమైనా పిచ్చా? దొంగే అయితే నాకు తుపాకీ కొనిపెడతాడా? కాల్చడం నేర్పిస్తాడా?"

"రంపం చూశాను డ్వైట్."

"సంతలో కొనుంటాడు. దొంగ సరుకంతా అక్కడే కదా తేలేది." చేతులు తుడుచుకుని, "వాడు నీ తమ్ముడు. నువ్వే అలా అనుకుంటే వాడికి ఇంకెవరున్నారు?" అన్నాడు.

నాకు సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది, నమ్మలేదు కదా అని. కానీ మాట ఒకసారి చెవిలో పడ్డాక ఊరికే ఉండదు. ఆ వారం నుంచి టెరిల్ వంటింట్లోకి వెళ్తే డ్వైట్ కూడా ఏదో పనున్నట్టు వెనకే వెళ్ళేవాడు. మార్ఫిన్ సీసా అలమారాలోంచి మా పడగ్గదికి మారింది.

టెరిల్ కనిపెట్టకుండా ఉంటాడా? ఒకరోజు అమ్మ నిద్రపోతుంటే వరండాలో నా పక్కన కూర్చుని చిక్కుడు కాయలు అందుకున్నాడు.

"బావకి ఏం చెప్పావక్కా?"

"నీ ట్రక్కులో హెస్టర్ రంపం ఉందని చెప్పాను."

వాడు కాయ తుంచి గిన్నెలో వేశాడు. "సంతలో కొన్నాను."

"నిజమేనా?"

"నిజమంటే నమ్ముతావా?"

నేను ఇంకో కాయ తుంచాను.

"బావేమన్నాడు?"

"నమ్మలేదు."

టెరిల్ తల దించుకుని నవ్వాడు. చేతిలో కాయ పట్టు తప్పి కింద పడింది. "మంచోడు బావ" అన్నాడు. లేచి వెళ్ళి, అమ్మ గది గుమ్మంలో కాసేపు నిలబడి, వెనక తలుపు నుంచే వెళ్ళిపోయాడు. వాణ్ణి కూర్చోబెట్టి చెంప పగలగొట్టాలనిపించింది. వెనకాల పరిగెత్తి కావలించుకోవాలనీ అనిపించింది. చిక్కుళ్ళు పూర్తి చేశాను.

సెప్టెంబర్‌లో, పొగాకు నరికి కొట్టాల్లో వేలాడదీస్తున్న వారంలో, తెల్లవారుజామున అమ్మ పోయింది. నర్సు వచ్చి చూసి, మిగిలిన మార్ఫిన్ నా ఎదురుగానే పారబోసి సీసా తీసుకెళ్ళింది. ఇంట్లో ఇక దోచుకోవడానికి ఏముంది? పాత టీవీ, అమ్మ కుట్టిన దుప్పట్లు.

"అది దొంగకి తెలీదుగా" అన్నాడు డ్వైట్.

మధ్యాహ్నం హెస్టర్ వచ్చింది. "శనివారం నేను కూర్చుంటా. నా అల్లిక ఎలాగూ సగంలో ఉంది" అంది. నాకు ఆవిడ కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

"వద్దు హెస్టర్" అన్నాడు డ్వైట్. "వాడు లోపలికొస్తే నువ్వేం చేస్తావు?"

"ఆపిల్ పై ఒక ముక్క కోసి పెడతా. నా ఇంట్లో అన్నీ చక్కగా సర్దిపోయాడు, ఆమాత్రం రుణం ఉంది."

డ్వైట్ ఒప్పుకోలేదు. మిగతా మగవాళ్ళంతా పొగాకు పనిలోనో, పెట్టె మోసే ఆరుగురిలోనో ఉన్నారు. ఆ తుపాకీ వాడటం వచ్చినవాణ్ణి తనొక్కణ్ణే అన్నాడు. అల్లుడు కాపలా కూర్చోవడం ఎక్కడైనా ఉందా, జనం ఏమంటారు అన్నాను. అననీ అన్నాడు. పోనీ తుపాకీ అలమారాలో ఉంచి కూర్చో అన్నాను.

"మరి ఎందుకు కొన్నాం లోరీన్?"

అమ్మ శవం ఇంకా ఇల్లు దాటలేదు, మేం గొంతులు తగ్గించి తుపాకీ గురించి పోట్లాడుకుంటున్నాం. అతని కళ్ళలో మొండితనం కాదు, భయం ఉంది. భయపడ్డవాడికి ఏం చెప్పి ఒప్పిస్తాం? పత్రికలో ప్రార్థన గంట వేయించొద్దని, చావు ఏర్పాట్లన్నీ చూసే శవపేటికల వాళ్ళకి ఫోన్ చేశాను. అప్పటికే అచ్చుకి వెళ్ళిపోయిందన్నారు.

శుక్రవారం సాయంత్రం శవపేటికల వాళ్ళ హాల్లో అమ్మని ఆఖరిసారి చూడ్డానికి జనం వరసగా వచ్చారు. టెరిల్ అందరూ వెళ్ళేదాకా బయటే తిరిగి, చివర్లో మిల్లు కోటుతోనే లోపలికొచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. అమ్మ చెయ్యి ముట్టుకోబోయి, తన చేతి వణుకు చూసి వెనక్కి తీసుకున్నాడు.

నేను వాణ్ణి ఓ పక్కకి తీసుకెళ్ళాను. "రేపు పెట్టె మోసేవాళ్ళలో నువ్వున్నావు. పదింటికల్లా చర్చిలో ఉండు."

"ఉంటా."

"టెరిల్, విను. రేపు ఇంటి దగ్గర బావ కూర్చుంటున్నాడు. తుపాకీతో." ఒక్కో మాటా వత్తి చెప్పాను. వాడికి అర్థం కావాలి. ఆ ఇంటి వైపు పోకుండా ఉండాలి.

వాడు నా మొహంలోకి చూశాడు. "బావ ఇంట్లోనే ఉంటాడా?"

"ఉంటాడు. ఎక్కడికీ కదలడు."

"సరేలే అక్కా. మంచిది" అన్నాడు. కాస్త తేలికపడ్డట్టు కూడా కనిపించాడు. హమ్మయ్య, అర్థమైంది అనుకున్నాను.

శనివారం చర్చి నిండిపోయింది. ముందు వరసలో నా పక్కన రెండు ఖాళీలు. ఒకటి డ్వైట్‌ది, ఒకటి టెరిల్‌ది. డ్వైట్ ఎక్కడున్నాడో తెలుసు. పాస్టర్ ప్రార్థన మొదలుపెట్టాడు, టెరిల్ రాలేదు. అమ్మకి ఇష్టమైన పాట పాడారు, రాలేదు. నా వెనక వాళ్ళు దగ్గుతున్నారు, కాళ్ళు కదుపుతున్నారు. తలుపు చప్పుడైనప్పుడల్లా నా మెడ దానంతటదే తిరిగింది. పొగాకు పని మధ్యలో వచ్చినవాడెవడో, పసిపిల్లని ఎత్తుకున్న తల్లి ఎవరో, అంతే.

లేచి వెళ్ళిపోతే? అమ్మ పెట్టె ముందు నుంచి, ఊరంతా చూస్తుండగా లేచి పరిగెత్తితే, ఎందుకని అందరూ అడుగుతారు. ఏం చెప్పాలి? నా మొగుడు నా తమ్ముణ్ణి చంపుతాడేమోనని చెప్పాలా? చర్చి ఉన్న ఆ కొండ సందులో సెల్ ఫోన్లు పనిచెయ్యవు. పనిచేసినా, మోగిన ఫోన్‌కి ఉలిక్కిపడి అతని వేలు ఏం చేస్తుందో. మా ఇల్లు అక్కడికి రెండు కొండల అవతల. అక్కడ తుపాకీ పేలితే ఇక్కడికి వినిపించదు. అయినా పాస్టర్ ఆగినప్పుడల్లా చెవులు రిక్కించి విన్నాను. అమ్మ గురించి ఆయన ఏం చెప్పాడో ఒక్క ముక్క గుర్తులేదు. కన్నతల్లి చావులో నేను ఏడవలేదు. అందరూ ఎంత గుండె నిబ్బరమో అన్నారు.

పెట్టె మొయ్యడానికి అయిదుగురే లేచారు. ఆరో పిడి శవపేటికల మనిషి పట్టుకున్నాడు.

చర్చి వెనకే మట్టి చేశాం. అది కాగానే హెస్టర్ నన్నేమీ అడక్కుండా కారెక్కి మా ఇంటికెళ్ళి డ్వైట్‌ని పంపించింది. కింద హాల్లో భోజనాలు మొదలయ్యాక అతను వచ్చాడు. మెట్ల దగ్గరే ఆపేశాను. బతికే ఉన్నాడు. చొక్కా మీద ఏమీ లేదు. ముందు అదే చూశాను.

"ఎవరైనా వచ్చారా?"

"ముందు ఏమైనా తిను లోరీన్."

"డ్వైట్."

అతను మెట్టు మీద కూర్చున్నాడు. "వచ్చాడు. వెనక తలుపు దగ్గరికి. తట్టలేదు."

"ఎప్పుడూ తట్టడు."

"తెలుసు. బయట బూట్లు విప్పుతున్న చప్పుడు వినిపించింది. నేను లేచాను. తలుపు తీశాడు. వెలుతురు వాడి వెనకుంది, మొహం కనిపించలేదు. చేతిలో ఏదో తాడులాంటిది వేలాడుతోంది. నువ్వు చెప్పిందే బుర్రలో తిరిగింది. ఎత్తాను."

ఏం ఎత్తావని అడగలేదు. అతనే చెప్పాడు.

"వాడి గుండెకి గురిపెట్టాను. నా చేతులు వణుకుతున్నాయి. 'బావా' అన్నాడు. చేతులు రెండూ పైకెత్తాడు. 'మీ అమ్మని పూడ్చే రోజున కూడానా, సిగ్గులేదురా' అన్నాను. ఏదో చెప్పబోయాడు. ఫో అని అరిచాను. అలా వెనక్కి నడుచుకుంటూ వెళ్ళాడు. బూట్లు వేసుకోలేదు, చేత్తో పట్టుకుని మేజోళ్ళతో రాళ్ళ మీద నడుస్తూ పోయాడు."

అతను ఏడ్చాడు. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. కాల్చలేదు కదా, ఇద్దరూ బతికే ఉన్నారు కదా అనుకున్నాను. అమ్మని మట్టి చేసిన రోజున దేవుడికి దండం పెట్టుకున్నానంటే నమ్మండి. తాడు ఎందుకా అని నేను ఆలోచించనే లేదు. దొంగ చేతిలో తాడు ఉండదా మరి.

మర్నాడు ట్రైలర్‌కి వెళ్ళాను. ట్రక్కు లేదు. నేల తుడిచి ఉంది, గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. కొలంబస్ బస్టాండులో చూశామని ఒకరన్నారు, టెనెసీలో ఉన్నాడని ఇంకొకరన్నారు. మిల్లులో అడిగాను, వాడి భార్యని అడిగాను. వాడు పోయాక చావిళ్ళలో దొంగతనాలు ఆగిపోయాయి. చూశావా, వాడే అంటాడు డ్వైట్. ఊళ్ళో ప్రతి చావింట్లోనూ ఒకడు తుపాకీ పట్టుకుని కూర్చుంటుంటే ఏ దొంగైనా మానుకుంటాడు అంటాను నేను. ఆ మాట మీద మేం ఆ శరత్కాలమంతా దెబ్బలాడుకున్నాం. తర్వాత అలిసిపోయి మానేశాం.

నవంబర్‌లో మెర్ల్ భార్య పోయింది. పెట్టె మొయ్యడానికి డ్వైట్‌ని పిలిచారు. పొద్దున్న నేను జుట్టు దువ్వుకుంటున్నాను, అతను అలమారా తెరిచి టై తీశాడు. ఒక కొస చేతిలో, రెండో కొస వేలాడుతూ. అద్దం దాకా వచ్చి ఆగిపోయాడు. అద్దంలో తన చేతిని చూస్తున్నాడు.

"లోరీన్" అన్నాడు. వేలాడుతున్న కొసని రెండో చేత్తో పట్టుకున్నాడు. "అది తాడు కాదు."

టెరిల్‌కి టై కట్టుకోవడం ఎప్పుడూ రాలేదు. నాన్న చావుకీ, తన పెళ్ళికీ అమ్మే ముడి వేసి మెడలో దూర్చింది. ఆ శనివారం అమ్మ పెట్టెలో ఉంది. నేను చర్చిలో ఉన్నాను. ఇంట్లో బావ ఉంటాడని, ఎక్కడికీ కదలడని ముందురోజు సాయంత్రం నేనే చెప్పాను. తుపాకీతో ఉంటాడనీ చెప్పాను. దొంగైతే ఆ మాట విన్నాక రాడు. వాడు ఆ మాట వినే వచ్చాడు.

డ్వైట్ ఆ రోజు టై లేకుండానే వెళ్ళి పెట్టె మోశాడు.